రాగిరేకు దాచలేని వరస

తిరుమల ఆలయంలో హుండీకి దగ్గరలో ఒక చిన్న అర ఉంది. తాళ్లపాక అర అంటారు, సంకీర్తన భాండారం అనీ అంటారు. అన్నమాచార్యులు (1408–1503), ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులు, మనుమడు చినతిరుమలాచార్యులు కట్టిన పాటలను రాగిరేకుల మీద చెక్కించి అందులో భద్రపరిచారు. తెలుగునాట అచ్చుయంత్రం ఊసే లేని రోజుల్లో, పాటల కోసమే వెలసిన భాండాగారం అది. తాటాకును పురుగు తింటుంది, తేమ కుళ్లబెడుతుంది. కొన్ని తరాలకోసారి ఎవరో ఒకరు కూర్చుని తిరగరాస్తేనే అందులోని విషయం బతుకుతుంది. ఆ తిరగరాతను నమ్ముకోకూడదనే తాళ్లపాకవారు అంత ఖర్చుకు ఓర్చి రాగిని ఎంచుకుని ఉంటారు.

రేకులు చెక్కుచెదరలేదు. పాట మాత్రం మూగబోయింది. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన ఏ.డి. కాంప్‌బెల్, తిరుపతి కొండమీద రాగిరేకుల్లో ప్రాచీన వ్యాకరణం ఒకటి ఉందన్న మాట విని వాటిని పరిశీలింపజేశాడు. తీరా చూస్తే అవి దేవుడి మీద కీర్తనలు. వ్యాకరణం కావలసినవాడికి కీర్తనలతో పనేముంది? ఆ తరవాత మరో వందేళ్లకు గాని వాటికి సరైన పాఠకులు దొరకలేదు. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు పూనుకుని రేకులు చదివి, పరిష్కరించి, అచ్చువేయించారు. ఎంత గట్టి లోహం మీద చెక్కినా, ఫలానాది ఇక్కడుంది అని చెప్పే పట్టిక, దాని విలువ తెలిసిన మనిషి లేకపోతే భాండాగారం వట్టి గోదామే.

అచ్చయ్యాక అసలు చిక్కు బయటపడింది. రేకుల్లో పాట తలమీద రాగం పేరు ఉంది, స్వరం లేదు. చెక్కించినవారిది అజాగ్రత్త అనుకోనక్కరలేదు. ఆనాటి గాయకుడికి రాగం పేరు ఒక గుర్తు మాత్రమే. వరస గురువు నోటినుంచి వచ్చేది. ఆ గురుశిష్యుల తాడు ఎక్కడో తెగింది. సామంతం, సాళంగనాట, దేసాళం వంటి పేర్లు మిగిలాయి, ఆ రాగంలో ఆ పాట ఎలా నడిచిందో చెప్పేవారు మిగల్లేదు. రాళ్లపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, బాలమురళీకృష్ణ, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ మొదలైనవారు కొత్తగా స్వరపరచబట్టే అన్నమయ్య మళ్లీ కచేరీకెక్కాడు. ఈరోజు మనం పాడుకుంటున్న వరసల్లో ఎక్కువ భాగం ఇరవయ్యో శతాబ్దం నాటివే. ఇందులో తప్పేమీ లేదు. సాహిత్యం పదిహేనో శతాబ్దానిది, వరస ఫలానా విద్వాంసుడిది అని పక్కన రాసిపెట్టాలి, అంతే. అది రాయకపోతే మరో వందేళ్లకు రెండూ ఒకరివే అయిపోతాయి.

ఆ లోటు తీర్చే దారి స్వరలిపి. త్యాగరాజస్వామి (1767–1847) కృతులను శిష్యులు రాసుకున్నారు. వాలాజాపేట వెంకటరమణ భాగవతార్, ఆయన కుమారుడు కృష్ణస్వామి భాగవతార్ కూడబెట్టిన రాతప్రతులు మదురైలోని సౌరాష్ట్ర సభకు చేరాయి. ఒక కృతి విషయంలో శిష్యపరంపరల మధ్య పాఠభేదం వస్తే పరిశోధకులు చూసే పత్రాల్లో ఇవి ముఖ్యమైనవి. అయితే స,రి,గ,మ రాసినంత మాత్రాన కర్ణాటక సంగీతం కాగితం మీదికి రాదు. స్వరం నిలకడగా ఉండదు. ఊగుతుంది, పక్క స్వరాన్ని తాకి వస్తుంది, పైనుంచి జారుతుంది. ఆ కదలికే గమకం, రాగానికి ప్రాణం అదే.

ఎట్టయాపురం ఆస్థాన విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు 1904లో వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ఈ చిక్కును నేరుగా ఎదుర్కొంది. తమిళదేశంలో తయారైన ఆ బృహద్గ్రంథం అచ్చయింది తెలుగు లిపిలో. కంపితం, స్ఫురితం, నొక్కు, జారు వంటి గమకాలకు వేర్వేరు గుర్తులు పెట్టి, వాటిని స్వరాక్షరాలతో కలిపి అచ్చువేశారు. డెబ్బైరెండు మేళాల వరసలో రాగలక్షణాలు, ముత్తుస్వామి దీక్షితుల కృతులు, విద్వాంసుల చరిత్రలు ఒకచోట చేర్చారు. రాగిరేకు చెప్పనిది ఈ పుస్తకం చాలావరకు చెప్పింది. అయినా గుర్తు చూసి గమకం పలికించాలంటే ఆ గమకాన్ని ఒకసారైనా విని ఉండాలి. చెవి ఎరగనిదాన్ని కన్ను చదవలేదు.

గ్రామఫోన్ వచ్చాక పాట చెవికే నేరుగా అందింది. కానీ ఆ పెట్టెకూ దాని కొలత ఉంది. నిమిషానికి 78 చుట్ల వేగంతో తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లర. వేదిక మీద ఒన్స్‌మోర్‌ల మధ్య సాగదీసి పాడిన నాటక పద్యం అందులో ఇమడాలంటే రాగాలాపన కుదించాల్సిందే. రికార్డు విని, ఆనాటి నటులు ఇంత క్లుప్తంగా పాడేవారని తేల్చేస్తే పొరబాటే.

తరవాత వచ్చిన టేపులకు మరో రోగం. కొన్ని గాలిలో తేమ పీల్చుకుని జిగురెక్కుతాయి. వాటిని తక్కువ వేడిలో గంటల తరబడి ఆరబెట్టి, ఆడినంతసేపట్లోనే డిజిటల్‌లోకి ఎక్కించాలి. ఎసిటేట్ టేపు పాడవుతుంటే వెనిగర్ వాసన వేస్తుంది. గరగరలు తీసేసిన ప్రతిని వినడానికి ఉంచుకోవచ్చు. దానితోపాటు ఏమీ దిద్దని మూలప్రతిని విడిగా దాచడం మంచి ఆర్కైవ్ పాటించే మొదటి నియమం. ఈరోజు రొద అనుకుని తీసేసినదాంట్లో రేపటివారికి కావలసిన తంబురా శ్రుతో, జనం కేకో ఉండవచ్చు.

దాచినదాన్ని పాడినవారి దగ్గరికి తిరిగి తీసుకువెళ్లినప్పుడే దాని విలువ పూర్తిగా తెలుస్తుంది. డచ్ పరిశోధకుడు ఆర్నాల్డ్ బాకే 1938లో దక్షిణ భారతంలో తిరిగి పాటలు, ఆటలు రికార్డు చేశాడు. నజీర్ జైరాజ్‌భాయ్, ఏమీ క్యాట్లిన్ 1984లో ఆ రికార్డులు పట్టుకుని కర్ణాటక, కేరళల్లోని అవే చోట్లకు వెళ్లి వినిపించారు. ఏది నిలిచింది, ఏది మారింది, ఏది పోయింది అన్నది అక్కడి కళాకారులతో కలిసి తేల్చుకోగలిగారు. బాకే ఊరూ తేదీ రాసుకోకపోయి ఉంటే ఆ ప్రయాణమే లేదు. 1982లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ నెలకొల్పిన ఆర్కైవ్ విదేశీ పరిశోధకులు తీసుకుపోయిన రికార్డింగుల ప్రతులను మన దేశంలోనే అందుబాటులో ఉంచే పనికి పూనుకుంది.

ఒగ్గుకథ, చిందు యక్షగానం, బుర్రకథ, హరికథ, పద్యనాటకం క్యాసెట్లు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఏదైనా గ్రంథాలయానికి ఇచ్చేముందు డబ్బా మీద పాడినవారి పేరు, హంగుదారుల పేర్లు, ఊరు, సందర్భం, తేదీ రాయాలి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో తెలిస్తే అదీ చేర్చాలి. నలుగురికీ వినిపించే ముందు కళాకారుల అనుమతి తీసుకోవాలి. గ్రంథాలయాలు తమవంతుగా వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకుండా, నేర్చుకునే పిల్లలను, నేర్పగల పెద్దలను ఏడాదికోసారైనా పిలిచి కలిపి వినిపించాలి. వినేవారుంటేనే తప్పులు దిద్దేవారూ దొరుకుతారు. రాగిరేకుల పక్కన ఒక గురువూ, నలుగురు శిష్యులూ నిలిచి ఉంటే అన్నమయ్య వరసలను మనం కొత్తగా కట్టుకోవలసిన అవసరం ఇంతగా వచ్చేది కాదు. కళల గ్రంథాలయానికి బడ్జెట్ రాసేవారు బీరువాలకు, సర్వర్లకు వేసిన పద్దు కింద పాడించే మనుషుల జీతానికీ ఒక పద్దు వేయాలి.