గోడ ముట్టని పనితనం

బ్వేనోస్ ఐరిస్‌లోని ఎస్మా, అర్జెంటీనా నౌకాదళం నడిపిన మెకానిక్స్ స్కూలు. అందులో అధికారులు బస చేసే భవనం ఒకటుంది. 1976–83 నాటి సైనిక పాలనలో దాని నేలమాళిగలో మనుషుల్ని హింసించేవారు. తలకి ముసుగులు తొడిగి, కాళ్లకు సంకెళ్లు వేసి అటక మీద పడేసేవారు. ఆ రెంటికీ మధ్య అంతస్తుల్లో అధికారులు హాయిగా నిద్రపోయేవారు. సుమారు 5,000 మంది ఎస్మాలో బందీలయ్యారు. బతికి బయటపడింది కొద్దిమందే. ఎందరినో మత్తు ఎక్కించి, విమానాల్లోంచి నీళ్లలోకి తోసేశారు.

2015లో ఈ భవనం మ్యూజియంగా తెరుచుకుంది. దాన్ని తీర్చిదిద్దినవాళ్లకు ఎదురైన చిక్కు మామూలుది కాదు. ఆ నేరాల మీద కేసులు ఇంకా నడుస్తున్నాయి, భవనమే కోర్టు ముందున్న సాక్ష్యం. పెచ్చులూడిన గోడకి సున్నం కొట్టినా సాక్ష్యాన్ని చెరిపినట్టే. అందుకే వాళ్లు దేన్నీ గోడకి తగిలించలేదు. పలకలు తమ కాళ్ల మీద తామే నిలబడతాయి. సందర్శకులు నడిచే దారి పాత నేలకి కాస్త ఎత్తులో సాగుతుంది. బొమ్మల్ని వెలుతురుతోనే గోడ మీద వేస్తారు, దీపం ఆర్పితే గోడ గోడగానే మిగులుతుంది. రేపు మొత్తం విప్పి తీసుకుపోవచ్చు. ఇంతటి నిగ్రహం చేతికి అబ్బాలంటే అలంకరణ మీద మోజు చంపుకోవాలి.

నన్ను అన్నిటికన్నా కట్టిపడేసింది ఇక్కడ లేని ఒక మెట్లదారి. 1979లో అమెరికా ఖండాల మానవ హక్కుల కమిషన్ తనిఖీకి వస్తోందని తెలిసి, నౌకాదళం బందీలను టీగ్రే డెల్టాలోని ఒక దీవికి తరలించింది. బయటపడినవాళ్ల వాంగ్మూలాలు అబద్ధమని చూపడానికి హాల్లోంచి నేలమాళిగకు దిగే మెట్లను తీసేసి ఆ దారిని మూసేసింది. లిఫ్టునూ పీకించింది. అయినా ఆ మార్పుల గుర్తులు కట్టడంలో మిగిలాయి. మ్యూజియం ఆ మెట్లను తిరిగి కట్టలేదు. కట్టి ఉంటే ఒక నమూనా మిగిలేది. కట్టకపోవడం వల్ల హింసకూ, ఆ హింసను దాచడానికి పడ్డ పాటుకూ రెండింటికీ రుజువు నిలిచింది.

అటక మీదా అదే సంయమనం. అక్కడ మైనపు బొమ్మలూ లేవు, కృత్రిమ సంకెళ్లూ లేవు. ఏటవాలు కప్పు కింద ఖాళీ స్థలం, అందులో బతికి బయటపడినవాళ్ల మాటలు. ఆ మాటల్లో చాలా భాగం 1985లో సైనిక నేతల మీద జరిగిన విచారణ మొదలుకొని న్యాయస్థానాల్లో ప్రమాణం చేసి చెప్పినవి. వ్యాఖ్యాత గొంతు పెంచి కన్నీళ్లు పెట్టించే ప్రయత్నం ఎక్కడా లేదు. మొదటి డైరెక్టర్ అలెహాంద్రా నాఫ్తల్ తానూ మరో రహస్య నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడిన మనిషి. ఆ బాధ తెలిసినవాళ్లకే ఇంత పొదుపు సాధ్యమేమో.

2023లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సందర్శన ముగిసేది ‘దొరాదో’ హాల్లో. ఎవర్ని ఎత్తుకురావాలో అధికారులు కూర్చుని పథకం వేసిన చోటది. ఇప్పుడు అదే హాలు గోడల మీద ఆ అధికారుల ముఖాలు, వాళ్ల మీద నడిచిన కేసుల వివరాలు కనిపిస్తాయి.