ముందు బలహీనతను ఎంచుకోండి

కంప్యూటర్లో ఫాంటసీ ఆట మొదలుపెట్టగానే చాలామంది మొదటి గంటంతా ముక్కు, జుట్టు, గడ్డం దగ్గరే గడిపేస్తారు. ఆ సరదా నాకూ ఉంది. కాకపోతే అంత కష్టపడి దిద్దిన ముఖం కాసేపటికే హెల్మెట్ చాటుకు పోతుంది. చివరిదాకా వెంట ఉండేవి పక్కనున్న అంకెలు. అందులోనూ అన్నిటికన్నా చిన్న అంకె. క్యారెక్టర్ తయారుచేసేటప్పుడు నేను ముందు తేల్చుకునేది దాన్నే.

కొంతకాలంగా నేను ఆడుతున్న 'బాల్డర్స్ గేట్ 3' ఉంది కదా, దాన్నే తీసుకుందాం. బెల్జియంలోని ఘెంట్‌కు చెందిన లారియన్ స్టూడియోస్ 2023 ఆగస్టులో దీన్ని విడుదల చేసింది. ఇందులోని నియమాలకు మూలం 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఐదో ఎడిషన్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో వెలువడిన బల్లమీది ఆట అది. క్యారెక్టర్‌కు ఆరు గుణాలుంటాయి: బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, ఎదుటివాళ్లను ఆకట్టుకునే శక్తి. ఆరూ 8 దగ్గరే మొదలవుతాయి. పంచుకోవడానికి మనకిచ్చేది 27 పాయింట్లు. 13 దాకా మెట్టుకు ఒక పాయింటు చాలు. 14కి, 15కి రెండేసి పెట్టాలి. అంటే ఒక గుణాన్ని 15 చేయడానికి 9 పాయింట్లు. మూడు గుణాలను అక్కడికి చేర్చేసరికి చేతిలో చిల్లిగవ్వ మిగలదు, తక్కిన మూడూ 8 దగ్గరే పడుంటాయి. చివర్లో ఒకదానికి 2, ఇంకోదానికి 1 కలుపుకోనిస్తారు. అంతటితో సరి.

1998 నాటి మొదటి 'బాల్డర్స్ గేట్'లో ఈ పిసినారితనం లేదు. గుణాల అంకెల కోసం పాచికలు మళ్లీమళ్లీ వేయించే బటన్ ఒకటుండేది. వేలు నొప్పిపుట్టేదాకా దాన్నే నొక్కి, అన్నిట్లోనూ మొనగాడిని తయారుచేసుకుని బయల్దేరేవాళ్లు. అలాంటివాడికి యుద్ధంలో తిరుగుండదు, నిజమే. కానీ ఏం చేయాలో తెలియక నిలబడిపోయే సందర్భం వాడికి రాదు. అది రానివాడికి కథ ఎక్కడిది?

నా క్యారెక్టర్ హాఫ్-ఆర్క్. దిగువ దవడలోంచి కోరలు పైకి పొడుచుకొచ్చిన మనిషి. ఈ జాతివాళ్లను చూడగానే ఎవరైనా గొడ్డలి ఇచ్చి బార్బేరియన్‌ని చేస్తారు. నేను బార్డ్‌ని చేశాను. పాటతో, మాటతో పని జరుపుకునేవాడన్నమాట. ఆకట్టుకునే శక్తి 17, బలం 8. పది ఉంటే మామూలు మనిషి. 8 అంటే బలం మీద వేసే ప్రతి పాచికలోనూ ఒకటి తెగిపోతుంది. ఆ 8కి ఒక కారణం కూడా అల్లుకున్నాను. కొట్లాటలే బతుకైన ఇంట్లో పుట్టి, చిన్నప్పటి నుంచీ దెబ్బలు తిని, గట్టిగా అరవడమంటేనే అసహ్యం పెంచుకున్నవాడు. అందుకే తియ్యగా మాట్లాడతాడు, నవ్వేటప్పుడు కోరలు కనపడకుండా చూసుకుంటాడు.

ఆట మొదట్లోనే డ్రూయిడ్లనే ప్రకృతి పూజారుల వనం ఒకటి వస్తుంది. అక్కడ తలదాచుకున్న శరణార్థుల పిల్ల అరబెల్లా, డ్రూయిడ్లు పూజించే విగ్రహాన్ని దొంగిలించి దొరికిపోతుంది. పెత్తనం చేస్తున్న కాఘా ఆ పిల్ల మీదికి పామును ఉసిగొల్పి నిలబెడుతుంది. కత్తి దూస్తే చుట్టూ ఉన్న డ్రూయిడ్ల ముందు మావాడు నిలవలేడు. నోరే దిక్కు. బతిమాలే మాట ఎంచుకున్నాను. తెర మీద ఇరవై ముఖాల పాచిక దొర్లింది. ఉన్న బోనస్‌లన్నీ కలిసినా కావలసిన అంకెకు అందలేదు. భయంతో పరుగు తీసిన పిల్లను పాము కాటేసింది. మాటే బలం అనుకున్నవాడికి మాట పనికిరాకుండా పోయింది.

కీబోర్డు మీద ఎఫ్ 8 నొక్కితే సేవ్ చేసిన చోటికి వెళ్లిపోవచ్చు, పాచిక మళ్లీ వేయవచ్చు. నేను నొక్కలేదు. కాసేపటికి మూడో లెవెల్ వచ్చింది. బార్డ్‌కు ఈ లెవెల్లో రెండు విద్యల్లో రెట్టింపు పట్టు సంపాదించే అవకాశం ఉంటుంది. అందరూ ఒప్పించే విద్యను ఎంచుకోమంటారు, నేను అనుకున్నదీ అదే. ఆ పిల్ల పోయాక మనసు ఒప్పలేదు. దాని చోట బెదిరింపు ఎంచుకున్నాను. హాఫ్-ఆర్క్‌లకు అది పుట్టుకతో వచ్చే విద్య. ఇన్నాళ్లూ మావాడు దాచుకున్నది కూడా అదే. ఆ రోజు నుంచి వాడు కోరలు దాచడం మానేశాడు. ఆటకు ముందు నేను అల్లిన కథలో ఇది లేదు. ఒక ఓటమీ, ఆ వెంటనే వచ్చిన లెవెలూ కలిసి పుట్టించిన మలుపు.

క్యారెక్టర్ ఎదగడమంటే నా లెక్కలో ఇదే. 2011లో వచ్చిన 'స్కైరిమ్' మరో దారి చూపింది. అందులో ఏ పని చేస్తే ఆ విద్యే పెరుగుతుంది. చదవడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. తీరా చూస్తే జనం కొలిమి ముందు కూర్చుని ఇనప బాకులు చేసుకుంటూ పోయారు. అంకె పెరిగింది, మనిషి పెరగలేదు. 'బాల్డర్స్ గేట్ 3'లో లెవెళ్లు పన్నెండే. 4, 8, 12 దగ్గర గుణాలు పెంచుకోవడమో, కొత్త ప్రత్యేకత తీసుకోవడమో చేయాలి. బార్డ్ లాంటివాడికి మొత్తం మీద మూడే అవకాశాలు. ఒక్కోదాని ముందూ ఆగి, ఈమధ్య వీడికి ఏం జరిగిందని ప్రశ్నించుకోవాల్సిందే.

అలా ప్రశ్నించుకోనక్కర్లేని ఏర్పాటూ ఆటలో ఉంది. శిబిరంలో విథర్స్ అనే ఎండిపోయిన ముసలి శవం ఒకటి ఉంటుంది. వంద బంగారు నాణేలిస్తే క్లాస్ (బార్డ్, బార్బేరియన్ లాంటి వృత్తి), గుణాలు అన్నీ చెరిపేసి మళ్లీ రాసుకోనిస్తుంది. కొత్తగా ఆడేవాళ్లకు అది మేలే. తెలియక చేసిన ఎంపికతో చివరిదాకా ఈడ్చుకురావడం శిక్ష. ఇంటర్నెట్ నిండా దొరికే రెడీమేడ్ 'బిల్డ్'ల మీదా నాకు కోపం లేదు, కష్టమైన యుద్ధాలు గట్టెక్కిస్తాయి. అయితే ఆ దారిన పోతే మనకు మిగిలేది బాగా పనిచేసే యంత్రం. ఎవరికో కుదిరిన అంకెలు మనవాడి ఒంటికి తొడిగితే వాడికి గతం ఉండదు.

ఈసారి కొత్త క్యారెక్టర్ మొదలుపెట్టినప్పుడు ఒక పని చేసి చూడండి. 15 దేనికి పెట్టాలో తర్వాత ఆలోచించవచ్చు. ముందు 8 దేనికో తేల్చండి, ఎందుకో ఒక్క వాక్యంలో కాగితం మీద రాసుకోండి. మొదటి పెద్ద ఓటమి వచ్చినప్పుడు మాత్రం ఎఫ్ 8 జోలికి వెళ్లకండి.