అల్పవిరామము - బాలశిక్ష

ఖరగ్‌పూరులోని పారిశ్రామికవాటిక విద్యాసాగరుని పేరు వహించి ఉన్నది. వంగవచనంలో కామాదులైన విరామచిహ్నాలను నెలకొల్పిన ఖ్యాతి ఆ మహనీయునిదే. పసివారికై ఆయన రచించిన ‘వర్ణపరిచయం’ 1855లో వెలువడింది. మన చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ అంతకు రెండేళ్లు ముందు, 1853లో వచ్చింది.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి ఆ ఊర తెలుగు కుటుంబాలున్నవి. అక్కడి తెలుగు బాలునికి కామాను ఎట్లు నేర్పవలె? ‘ఊపిరి పీల్చేచోట గీత పెట్టు’ మనడం పరిపాటి. అది చాలదు. ‘అత్త కోడలిని పిలిచింది’ అన్న వాక్యం చూడండి. పిలిచినది అత్తయా? లేక వేరొకతె అత్తగారి కోడలిని పిలిచినదా? వంగభాషలో షష్ఠికి ‘ర’ప్రత్యయం ఉన్నది కనుక ఈ సందిగ్ధం లేదు. తెలుగున ‘అత్త’ శబ్దానికి ప్రథమలోనూ షష్ఠిలోనూ రూపమొకటే. కర్తను లోపింపజేయుటా మనకు సహజమే. ఇక్కడ ‘అత్త’ తరువాతి కామా ఊపిరికి గాక అర్థానికి గుర్తు.

మరొకచోట దాని అవసరమే లేదు. ‘అత్తా కోడలూ వచ్చారు’ అన్నప్పుడు దీర్ఘాలే సముచ్చయాన్ని తెలుపుతున్నవి. ‘వచ్చి, కూర్చుండి, చెప్పి’ అని ప్రతి క్త్వార్థకానికీ గీత తగిలించడం ఆంగ్లవాక్యపు అనుకరణ. అసమాపకక్రియయే అక్కడ విరామాన్ని సూచిస్తుంది.

కావున బాలునికి ముందు వాక్యాన్ని రెండర్థాలలో చదివి వినిపించి, తాను చెప్పదలచిన దేదో అడగాలి. ఆపైన కామా ఎక్కడ పడవలెనో అతడే తెలుసుకొంటాడు. బాలవాచకాలు వ్రాసే రచయితలు ముందుగా తమ వాక్యాలను ఈ పరీక్షకు నిలుపుట మేలు.