గొర్రెల దగ్గరే తేలిపోయే యుద్ధం

కోల్‌కతా వాట్‌గంజ్‌లో రేవు సరుకుకి ఎంత పేరో, ఆటల పిచ్చికీ అంతే పేరు. పక్కనే ఖిదిర్‌పూర్ డాక్, కాస్త ముందుకెళ్తే విదేశీ ఎలక్ట్రానిక్స్ అమ్మే ఫ్యాన్సీ మార్కెట్. గార్డెన్ రీచ్‌లో రైల్వే కేంద్ర కార్యాలయం ఉండటంతో ఈ చుట్టుపక్కల చేరిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. నా తరం వాళ్లలో చాలామందికి క్రికెట్ తర్వాత ప్రాణం ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’.

1999లో డల్లాస్‌లోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేసిన కంప్యూటర్ ఆట ఇది. ఆ కంపెనీ 2009లో మూతపడింది. ఆట మాత్రం ఆగలేదు. 2019లో కొత్త హంగులతో డెఫినిటివ్ ఎడిషన్ వచ్చింది, ఇప్పటికీ పోటీలు జరుగుతున్నాయి.

చూసేవాళ్లకి కనిపించేది కోటలు, గుర్రాలు, మంటలు. ఆడేవాళ్లకి తెలిసేది వేరు. మొదట్లో మీ చేతిలో ఉండేది ఒక టౌన్ సెంటర్, ముగ్గురు పనివాళ్లు, దారి వెతికే ఒక గుర్రపు రౌతు. కొత్త పనివాడు తయారవడానికి 50 ఆహారం, 25 సెకన్లు కావాలి. టౌన్ సెంటర్ ఒక్క నిమిషం ఖాళీగా ఉందంటే ఇద్దరు పనివాళ్లు పోయినట్టే. ఒక్కొక్కడూ నిమిషానికి సుమారు 20 ఆహారం తెస్తాడు కాబట్టి ఆ నష్టం ఆట చివరిదాకా పెరుగుతూనే ఉంటుంది. అందుకే చెయ్యి తిరిగినవాళ్లు ఆట మొదలవగానే పనివాళ్లని వరుసగా పురమాయించి, ఇద్దరిని ఇల్లు కట్టడానికి పంపి, ఈలోగా రౌతుతో గొర్రెల్ని వెతికిస్తారు. జనాభాకు ఇల్లు చాలకపోతే టౌన్ సెంటర్ చేతులు కట్టుకు కూర్చుంటుంది మరి.

అసలు పనితనం అడవి పంది దగ్గర బయటపడుతుంది. పందిలో 340 ఆహారం ఉంటుంది, గొర్రెలో 100 మాత్రమే. కానీ పంది ఊరుకోదు. ఒక పనివాణ్ని పంపి, రెండు బాణాలు వేయించి, వెంటనే వెనక్కి పరుగెత్తించాలి. పంది తరుముకుంటూ టౌన్ సెంటర్ దాకా వస్తుంది. అక్కడ గొర్రెల్ని కోస్తున్నవాళ్లంతా పని ఆపి దాన్ని వేసేస్తారు. పనివాడి ప్రాణం 25 పాయింట్లు, పంది ఒక్కో పోటుకి 7 తీస్తుంది. నాలుగో పోటుతో కథ ముగుస్తుంది. 50 బంగారంతో మగ్గం పరిశోధన చేయిస్తే ఆ ప్రాణం 40 అవుతుంది. ఎప్పుడు చేయించాలన్నది ఎవరి గుండె ధైర్యాన్ని బట్టి వాళ్లది. నేనైతే పంది జోలికి వెళ్లేముందే చేయిస్తాను. పిరికివాడంటే అననీ.

తర్వాత ఫ్యూడల్ యుగానికి 500 ఆహారం, కాజిల్ యుగానికి 800 ఆహారం, 200 బంగారం. ఈటెగాళ్లు గుర్రాల్ని ఆపుతారు, గుర్రాలు విలుకాళ్లని తొక్కేస్తాయి, విలుకాళ్లు ఈటెగాళ్లని దూరం నుంచే రాల్చేస్తారు. ఈ లెక్క పిల్లలక్కూడా అర్థమవుతుంది. లెక్క తెలిసీ ఓడిపోయేవాళ్లు ఓడేది కట్టడాలకి కావాల్సిన కర్ర లోటుతోనే.

చాలాకాలం ఈ ఆటలో మన ఊసే లేదు. 2013లో ‘ఇండియన్స్’ అని ఒకే గంపలో వేశారు. 2022లో ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ వచ్చాక బెంగాలీలు, ద్రావిడులు, గూర్జరులు విడివిడిగా నిలబడ్డారు. వాట్‌గంజ్‌లో పెరిగిన తెలుగువాడికి పక్షం ఎంచుకోవడం చిక్కే. బెంగాలీల రథం దగ్గరగా నరకనూ గలదు, దూరం నుంచి బాణం వేయనూ గలదు. ద్రావిడుల చివరి పరిశోధన ఊట్జ్ ఉక్కు. దాంతో పదాతిదళం, గుర్రపుదళం వేసే దెబ్బకి శత్రువు కవచం అడ్డురాదు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కు కరిగించినవాళ్లకి ఇది దక్కాల్సిన గౌరవమే. కాకతీయుల మీద ప్రత్యేక కథా క్యాంపెయిన్ లేకపోవడం మాత్రం నాకు లోటే. ద్రావిడులకి రాజేంద్ర చోళుణ్ని, బెంగాలీలకి దేవపాలుణ్ని ఇచ్చారు.

అయినా నాకు నచ్చేది వీళ్ల ఆయుధాల కన్నా వీళ్లకిచ్చిన వరాలు. యుగం మారినప్పుడల్లా బెంగాలీలకి ఇద్దరు పనివాళ్లు, ద్రావిడులకి 200 కర్ర ఉచితం. ఆట తయారుచేసినవాళ్లకీ తెలుసు, ఏ రాజ్యమైనా లేచేది కూలి చేతుల మీదేనని.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నాదొక్కటే మనవి. ఆటలోనే ‘ఆర్ట్ ఆఫ్ వార్’ అనే శిక్షణ పాఠాలున్నాయి. వాటిలో మొదటి దశ ఆర్థిక పాఠంలో బంగారు పతకం వచ్చేదాకా ఏనుగు దళాల జోలికి పోకండి.