తెలుసుకోడానికేనా మా కితాబులు?

తెలుగు పాఠకులు ఒకరికొకరు పుస్తకం చెప్పుకునే తీరు మీద నాకో పేచీ ఉంది. అట్లాగని ఆ చెప్పుకోవడాన్ని తక్కువ చేయను. 2009లో పుస్తకం డాట్ నెట్ మొదలయ్యాక, పుస్తకం గురించి మాట్లాడటానికి విమర్శకుడే కానక్కర్లేదు, చదివినవాడైతే చాలన్న ధైర్యం చాలామందికొచ్చింది. ఏడాది చివర 'ఈ ఏడు నేను చదివినవి' అని లెక్క చెప్పుకోవడం అలవాటైంది. 2012లో ఖమ్మం జిల్లా కవి యాకూబ్ ఫేస్‌బుక్ మీద కవిసంగమం పెట్టాడు. తెలుగు కవిత్వం రాసేవాళ్లూ చదివేవాళ్లూ కూచునే ఆ అరుగు వేసింది ఒక సాయిబు అన్న సంగతి మా పాతబస్తీలో ఎంతమందికి తెలుసు? ఆ మాటకొస్తే ఆ అరుగు మీద కూచున్న వాళ్లలో ఎంతమందికి అది పట్టింది?

ఇక పేచీ. 'ముస్లింల మీద మంచి పుస్తకాలు చెప్పండి' అని ఎవరో అడుగుతారు. జవాబులు చకచకా వచ్చేస్తాయి. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991), స్కైబాబ కూర్చిన 'జల్‌జలా' (1998), ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' (1999), ముస్లిం కథల సంకలనం 'వతన్' (2004), వేంపల్లె షరీఫ్ 'జుమ్మా'. అన్నీ చదవాల్సినవే. వాటి పక్కన రాసే ఒక్క వాక్యమే నాకు గుచ్చుకుంటుంది: 'ముస్లింల జీవితం తెలుసుకోవాలంటే ఇది చదవండి.'

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు చదవమనేవాళ్లు 'బ్రాహ్మల ఇళ్లల్లో ఏం జరుగుతుందో తెలుసుకోడానికి' అనరు. 'ఆ తెలుగు చూడండి, ఆ సంభాషణ చూడండి' అంటారు. మరి దర్గామిట్ట కథల్లో ఉన్నది తెలుగు కాదా? నెల్లూరు జిల్లా గాలి పీల్చిన తెలుగు కదా అది. పిల్లవాడి గొంతుతో ఇంటి సంగతులు చెబుతూ కడుపుబ్బ నవ్వించే వచనం అంత తేలిగ్గా వస్తుందా? 'నవ్వుకోవాలంటే దర్గామిట్ట చదవండి' అన్న సిఫారిష్ నాకు అరుదుగా కనపడింది. మా కథను కథగా కాదు, దరఖాస్తు ఫారంలాగా చదువుతున్నారు. పేరు, మతం, ఆచారాలు, కష్టాలు. గడులన్నీ నిండాయా లేదా అన్నదే పరీక్ష. రాసినవాడు వాక్యం ఎట్లా కట్టాడు, ఎక్కడ ఆపాడు, ఎక్కడ జారిపోయాడు అన్న మాటే ఎత్తరు. కథ బాగా లేకపోతే బాగా లేదని అనరు కూడా. ఆ మర్యాద మాకొద్దు. తప్పు పట్టకుండా నెత్తిన పెట్టుకోవడమూ ఒక రకంగా పక్కన పెట్టడమే.

ఇంకో ఫిర్యాదు తరచుగా వింటాను. 'ఉర్దూ పదాలు ఎక్కువున్నాయి, వెనక అర్థాలు ఇస్తే బాగుండేది.' సరే. రాజీనామాకు, వకాల్తాకు, దస్తావేజుకు, తహసీల్దారుకు అర్థాలు ఎవరైనా అడిగారా? దుకాణం, ఖర్చు, జవాబు లేకుండా ఒక్క పూటైనా తెలుగు నడుస్తుందా? దస్తర్‌ఖాన్ అనగానే, నానీమా అనగానే నుదురు ముడిపడుతుంది. కచేరీలో చేరిన ఉర్దూ తెలుగైపోయింది, వంటింట్లో ఉన్న ఉర్దూ పరాయిదిగా మిగిలిపోయింది. ఈ తేడా నిఘంటువు చేసింది కాదు, ఎవరింటికి రాకపోకలున్నాయి, ఎవరింటికి లేవు అన్నదాన్ని బట్టి వచ్చింది.

ముస్లిం పుస్తకం అడిగేవాళ్ల కళ్ల ముందు మెదిలేది చార్మినార్. రాసినవాళ్లేమో నల్గొండ వాళ్లు, కడప వాళ్లు, నెల్లూరు వాళ్లు, ఖమ్మం వాళ్లు. చార్మినార్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో మొఘల్‌పురాలో నేనుంటాను. మా గల్లీలో ఈ పుస్తకాలు ఎవరి ఇంట్లోనూ నేను చూడలేదు. ఇక్కడి పిల్లలు బడిలో తెలుగు చదువుతారు, పాస్ మార్కుల కోసం. బస్సు మీది బోర్డు చదువుతారు, కరెంటు బిల్లు చదువుతారు. కథ దాకా రారు. తమ గురించి తెలుగులో ఇంత రాసి ఉందని వాళ్లకు తెలియదు. తెలుగు పాఠకుడేమో ఆ పుస్తకాలు చదివి పాతబస్తీ తెలిసిందనుకుంటాడు. ఇద్దరి మధ్యా ఒక లిపి అడ్డంగా నిలబడి ఉంది.

ఈ గోడ ఎప్పుడూ ఇట్లా లేదు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో మొదలైంది. ఆ చదువు చదివిన తెలుగువాళ్లు గాలిబ్‌ని సొంతంగా చదువుకున్నారు. అట్లాంటి తరం నుంచే దాశరథి 'గాలిబ్ గీతాలు' 1961లో వచ్చాయి. అది చదివి ఉర్దూ మీద ప్రేమ పెంచుకున్న తెలుగు ఇళ్లు నాకెన్నో తెలుసు. 1948 తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయింది. తెలుగువాళ్లకు ఉర్దూతో పని లేకుండా పోయింది, మావాళ్లు తెలుగు జోలికి పోలేదు. గాలిబ్ దగ్గర ఆగిన తెలుగు పాఠకుడికి మా ఊళ్లోనే ఉండి రాసిన జీలానీ బానో దాకా దారి చెప్పేవాళ్లు కరువయ్యారు. హైదరాబాద్ హవేలీల కూలిపోతున్న ప్రపంచం మీద ఆమె రాసిన 'ఐవానె గజల్' 1976 నాటిది. 2009లో శ్యామ్ బెనెగల్ తీసిన 'వెల్ డన్ అబ్బా' చూసి మెచ్చుకున్న మిత్రులను అడిగి చూశాను. దాని వెనక జీలానీ బానో 'నర్సయ్యా కీ బావ్‌డీ' కథ ఉందని ఒక్కరూ చెప్పలేకపోయారు.

ఇదంతా తెలుగువాళ్ల మీద వేసి చేతులు దులుపుకుంటే మేం తప్పించుకున్నట్టే. మా ఉర్దూ మహఫిల్‌లో పుస్తకం మీద అభిప్రాయం అన్నదే అరుదైపోయింది. మొఘల్‌పురా ఉర్దూ ఘర్‌లోనో ఇంకోచోటో పుస్తకావిష్కరణ, అదే రస్మె ఇజ్రా జరుగుతుంది. ఆరేడుగురు మాట్లాడతారు. వాళ్లలో పుస్తకం చివరిదాకా చదివినవాళ్లు ఎవరో వినేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. పత్రికలో తబ్‌సిరా కావాలంటే రెండు కాపీలు పంపాలి. వచ్చే తబ్‌సిరాలో కాగితం బాగుంది, కితాబత్ బాగుంది, ముసన్నిఫ్ ఖాన్‌దాన్ బాగుంది అని ఉంటుంది. కథ ఎట్లుందో ఉండదు. లోపలి పేజీలో 'తాదాద్: 500' అని వేస్తారు. అందులో సగం 'ఖులూస్‌తో' అని సంతకాలు పెట్టి పంచేస్తారు. ఆ సంతకాలతోనే అవి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరుకుతాయి. నేను రెండు మూడు కొన్నాను. పేజీలు విడదీయనివి కూడా ఉన్నాయి.

ఈ మహఫిల్‌లో 'తెలుగులో మనవాళ్లు గొప్పగా రాస్తున్నారు' అని చెప్పి చూడండి. 'వాళ్లు గావ్‌వాలే కదా, వాళ్ల జబాన్ ఏం జబాన్' అంటారు. తెలుగు పాఠకుడి అజ్ఞానాన్ని క్షమించగలను. ఈ నవాబీని మాత్రం క్షమించలేను. నవాబులు పోయారు, ముక్కు మీది విరుపు పోలేదు.

మా దగ్గర అసలైన పాఠకులు ఎవరంటే ఆడవాళ్లు. ఎవరూ లెక్కపెట్టని పాఠకులు. ఢిల్లీ నుంచి 'షమా', 'పాకీజా ఆంచల్' వచ్చేవి. కిరాయి లైబ్రరీ నుంచి ఇబ్నె సఫీ జాసూసీ నవలలు మగపిల్లలు తెచ్చేవారు, ఇంట్లో ఆపాలు ముందు చదివేసేవారు. ఒక్క డైజెస్టు నాలుగిళ్లు తిరిగేది. ఖాలా పేజీ మూల మడిచి పంపితే 'ఇక్కణ్ణించి చదువు' అని అర్థం. మూల మడవలేదంటే ఈ నెల కథలు దండగ. అంతకన్నా సూటి విమర్శ నేను ఏ సాహిత్య పేజీలోనూ చదవలేదు. కథలో కోడలు తప్పు చేసిందా, అత్త తప్పు చేసిందా అని బియ్యం ఏరుతూ గంటలు గంటలు వాదించుకునేవాళ్లు. వాళ్లకు ముస్లిం జీవితం తెలుసుకోవాల్సిన పని లేదు గనక కథ గురించే మాట్లాడుకున్నారు.

ఇప్పుడు పిల్లల చేతుల్లో ఫోన్లు. 2013లో వచ్చిన రేఖ్తా ఒకే గజల్‌ను ఉర్దూ, నాగరి, రోమన్ మూడు లిపుల్లో చూపిస్తోంది. లిపి రానివాడికీ ఫైజ్ అందాడు. ఇది చిన్న సంగతి కాదు. కాకపోతే గాలిబ్ రాయని షేర్లు గాలిబ్ పేరున రోజుకు పది నా ఫోన్‌లోకి వస్తుంటాయి. షేర్ చేతులు మారినంత సులువుగా వచనం మారదు. కథ కావాలంటే కూచోవాలి, ఒకరు పట్టుబట్టి 'చదువు' అనాలి.

మొన్న రంజాన్‌కు ముందు దర్గామిట్ట కథ ఒకటి మా భాభీకి, ఆమె దగ్గర కూచున్న మరో ముగ్గురికి దక్నీలోకి మార్చుకుంటూ చదివి వినిపించాను. తెలుగు మిత్రులు 'కళ్లు చెమర్చాయి' అన్న చోట వీళ్లు పడీ పడీ నవ్వారు. తర్వాత తల్లి అట్లా అనొచ్చునా అని పేచీ పెట్టుకున్నారు. 'ఈయన ఇంకేం రాశాడు?' అని ఒకామె అడిగింది. నేను చదివింది ఎవరో ఫోన్‌లో రికార్డు చేశారట. అది ఫలక్‌నుమా దాకా వెళ్లి, అక్కడి ఒక ఖాలా నుంచి జవాబు వచ్చింది. కథ బాగుందట, నా దక్నీలో మాత్రం మూడు మాటలు తప్పట.

వచ్చే వారం 'జుమ్మా' మొదలుపెట్టాలి. కడప మాటలకు మా గల్లీ మాటలేం పెట్టాలో ఆ ఖాలానే అడుగుతున్నాను.