వర్ణన ఏ భాషలో ఉందో రాద్దాం

ఫాల్గుణ మాసంలో ధర్మపురి నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు మొదలైతే కోనేటిలో తెప్పోత్సవం, డోలోత్సవం వీడియోలు ఊరూరా ఫోన్లలో తిరుగుతాయి. చూపు లేనివారికి ఆ వీడియోలో మేళం, మంత్రం, జనం కేకలు వినిపిస్తాయి. తెప్ప ఎటు కదులుతోందో, మెట్ల మీద జనం ఎలా కిక్కిరిశారో ఎవరైనా మాటల్లో చెప్పాలి. అదే ఆడియో డిస్క్రిప్షన్. మంత్రానికీ మంత్రానికీ నడుమ దొరికే ఖాళీలో ఇమిడేలా ఆ వర్ణన రాసి, రికార్డు చేయడం నాకు ఇష్టమైన పని. ఆ పనిలో చివరి మెట్టు, వర్ణన ఏ భాషలో ఉందో గుర్తించి రాయడం, చాలాసార్లు జరగదు.

జగిత్యాలలో చూపు లేని ఒక పెద్దాయన నాతో అన్నారు: “ఆడియో ఒకటి, ఆడియో రెండు అనే చదువుతాంది బిడ్డా ఫోను. ఏది తెలుగో ఎర్కయేటందుకు అన్నీ పెట్టి ఇనుకుంట కూసోవాల్నా?” ఫోను తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆడియో ట్రాకుకు ఉన్న పేరునే చదవగలదు. పేరులో భాష లేకపోతే వర్ణన ఉండీ ఆయనకు అందనట్టే.

వీడియో భాషనే వర్ణనకూ రాసేస్తే సరిపోదు. స్వామివారి కల్యాణంలో మంత్రాలు సంస్కృతం, వర్ణన తెలుగు. మహారాష్ట్ర భక్తుల కోసం అదే వీడియోకు మరాఠీ వర్ణన చేయవచ్చు. వీడియో ఒకటే, వర్ణనల భాషలు వేరు. ఆన్‌లైన్ ప్రసార పద్ధతుల్లో ట్రాకు భాషకు ఒక చోటు, అది వర్ణన అని తెలిపే గుర్తుకు ఇంకో చోటు ఉన్నాయి. రెండూ నింపాలి.

భాష గుర్తించే పనిని యంత్రానికి వదిలేద్దామంటే చిక్కుంది. మాటలు విని రాతగా మార్చే విస్పర్ అనే ఏఐ మోడల్‌ను 2022లో ఓపెన్‌ఏఐ విడుదల చేసింది. అది మామూలుగా మొదటి 30 సెకన్లు విని భాష తేలుస్తుంది. మన ట్రాకులో ఆ 30 సెకన్లూ సన్నాయి, వేదఘోషే అయితే వర్ణన గొంతు దాని చెవిన పడనే పడదు. అందుకే నేను వర్ణన మాటలను మాత్రమే విడిగా కత్తిరించి, మొదట, నడుమ, చివర విని భాష రాస్తాను.

గోదావరి దాటి పాత ఆదిలాబాద్ జిల్లాలోకి వెళ్తే ఈ పని బరువు ఇంకా పెరుగుతుంది. కేస్లాపూర్ నాగోబా జాతర వీడియోకు గోండిలో వర్ణన చేశారనుకుందాం. విస్పర్‌కు తెలిసిన భాషల్లో గోండి లేదు. తనకు తెలిసినవాటిలోంచే ఏదో ఒక పేరు పెట్టేస్తుంది. అంతర్జాతీయ భాషా సంకేతాల జాబితాలో మాత్రం ఆదిలాబాద్ గోండికి డబ్ల్యూఎస్‌జీ, అక్కడి మరో భాష వాయవ్య కొలామికి కేఎఫ్‌బీ అని ప్రత్యేక గుర్తులున్నాయి. ఏ గుర్తు రాయాలో ఆ భాష మాట్లాడే మనిషి విని చెప్పాలి. తప్పు పేరు పడితే గోండి వర్ణన వెతుక్కునే మనిషికి అది ఎన్నటికీ దొరకదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఆడియో డిస్క్రిప్షన్ అందించేలా చర్యలు తీసుకోవాలని ప్రభుత్వానికి చెబుతోంది. వర్ణన చేసి, దాని భాష చెప్పకపోతే ఆ హక్కు సగమే అందినట్టు. కాబట్టి గుళ్ల వీడియోలు, జాతర వీడియోలు పెట్టేవారికి నా విన్నపం: “తెలుగు వర్ణన”, “గోండి వర్ణన” అని ట్రాకు పేరులోనే రాయండి. రాసేముందు ఆ భాష వచ్చినవారికి ఒకసారి వినిపించండి.