చేతికందే ఎత్తుకు

సముద్రంలో నడిపే కయాక్ పడవ సుమారు 5 మీటర్ల పొడవుంటుంది, పాతిక కిలోలు తూగుతుంది. ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్ వ్యాన్ కప్పు ఎత్తు దాదాపు 2 మీటర్లు. స్కాట్లాండ్ పడమటి తీరంలో, ఆ ఈదురుగాలిలో, ఒక్క మనిషి కయాక్‌ను ఆ కప్పు మీదికెక్కించాలంటే బలంతో పాటు అదృష్టమూ కలిసిరావాలి. పైగా చాలా క్యాంపర్ వ్యాన్లకు రాత్రిళ్లు పడుకోవడానికి పైకి లేచే కప్పు ఉంటుంది. పైన బరువుంటే దాన్ని లేపకూడదు. అంటే సాయంత్రం కయాక్ దిగాలి, పొద్దున మళ్లీ ఎక్కాలి. కాబట్టి ఇలాంటి బండికి ర్యాక్ ఎంత మోస్తుందో చూసేముందు ఎలా దించుతుందో చూడాలి.

ఆ కంటితో చూస్తే తూలే వాళ్ల హల్లవేటర్ ప్రో ర్యాక్ పనితనం ముచ్చటేస్తుంది. 1942లో స్వీడన్‌లో ఎరిక్ తూలిన్ మొదలుపెట్టిన సంస్థ తూలే. కప్పుమీది రెండు అడ్డకడ్డీలకు చెరొక చేయి బిగిస్తారు. మీటలు నొక్కి లాగితే ఆ చేతులు కప్పు అంచు దాటి పక్కకు వాలి, చేతికందే ఎత్తులో ఆగుతాయి. కయాక్‌ను అక్కడే మెత్తల మధ్య పెట్టి, బెల్టు కట్టి, పైకి తొయ్యడమే. కారు డిక్కీ తలుపును నిలబెట్టే గ్యాస్ రాడ్ల జాతివే ఇందులోనూ ఉన్నాయి. దాదాపు 18 కిలోల భారం అవే మోస్తాయి. తమాషా ఏమిటంటే, ఖాళీగా ఉన్నప్పుడే కిందికి లాగడం కష్టం. ఎత్తడానికి దాచిపెట్టిన బలమంతా అప్పుడు మనమీదికే తిరగబడుతుంది. కయాక్ ఎక్కాక దాని బరువు ఆ బలానికి ఎదురు నిలుస్తుంది, చెయ్యి తేలికవుతుంది.

బెల్టు బకిల్ ఇంకా చిన్న వస్తువు. స్ప్రింగు మీద ఒక పళ్ల నాలుక, అంతే. చేత్తో లాగినంతే బిగుస్తుంది. లారీ సరుకుకు వాడే ర్యాచెట్ బెల్టయితే మీట తిప్పేకొద్దీ బిగుస్తూపోయి ఫైబర్‌గ్లాస్ కయాక్‌ను పగలగొట్టగలదు. ఇక్కడ ఆ అతిశక్తి లేకపోవడమే గొప్ప. అన్నట్టు, బెల్టుకు ఒక మెలిక వేస్తే దారంతా గాలికి రొద పెట్టదు.

లోపాలు లేకపోలేదు. దీని సొంత బరువూ కప్పు మోయగల పరిమితిలోంచే పోతుంది. 34 కిలోలు దాటిన కయాక్‌కు పనికిరాదు. ఎత్తు కప్పున్న స్ప్రింటర్ వ్యాన్ మీద పెడితే దిగినా పూర్తిగా అందదు. బ్రిటన్‌లో ఇంకో చిక్కుంది. అక్కడి క్యాంపర్లకు జరిపే తలుపు, ఎండకూ వానకూ విప్పే పందిరి సాధారణంగా ఎడమవైపే ఉంటాయి. ర్యాక్ కుడివైపు, అంటే ట్రాఫిక్ వైపు దిగాల్సి వస్తుంది. అందుకని రోడ్డు వార ఆపకుండా, బండిని లోపలికి తిప్పి నిలిపే చోటు వెతుక్కోవాలి.